కెప్టెన్ గారి ఎస్

ఆ ఎన్నికల్లో మా ఆయన ఓడిపోవాలని నేను ప్రార్థన చేశానా లేదా అన్నది నాకే సరిగ్గా తెలియదు. మోకరించిన మాట నిజం. నీ చిత్తమే జరగనీ ప్రభువా అన్న మాటా నిజం. కానీ ఆ మాట అన్న ప్రతిసారీ నా చిత్తం ఎటు మొగ్గుతోందో దేవుడికి తెలియకుండా ఉంటుందా? మనుషుల్ని మభ్యపెట్టినట్టు ఆయన్ని మభ్యపెట్టలేం కదా. అందుకని ఆ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నా ప్రార్థనలు బాగా పొట్టిగా సాగాయి.

మా ఆయన పేరు దైవాశీర్వాదం. మోంటానాలో మేమున్న ఊళ్ళో ఆ పేరు తిన్నగా పలకగలిగినవాళ్ళు ఇద్దరే, ఆయనా నేనూ. మిగతా అందరికీ ఆయన కెప్టెన్. ఇరవై ఏడేళ్ళు సరుకు ఓడల మీద తిరిగిన మనిషి. చివరి ఆరేళ్ళూ పోర్ట్‌లాండ్ రేవులో గోధుమలు నింపుకుని జపానుకో ఫిలిప్పీన్స్‌కో చేరవేశారు. ఇన్ని గోధుమలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయని ఒకరోజు రేవులో అడిగితే మోంటానా అని చెప్పారట. సరిగ్గా ఆ ఏడే, అదే మోంటానాలోని ఒక పద్నాలుగు మంచాల ఆసుపత్రి నన్ను నర్సుగా పిలిచింది. మూడేళ్ళ కాంట్రాక్టు. ఆయన దాన్ని దేవుని పిలుపు అనుకున్నారు. నేను గ్రీన్‌కార్డు అనుకున్నాను.

మూడేళ్ళు కాస్తా పద్నాలుగేళ్ళయ్యాయి. సముద్రం మీద నుంచి దిగిన మనిషి సముద్రంలాంటి నేల కనిపించగానే అక్కడే లంగరు వేశారు. ఆరువందల ఎకరాలు కొన్నారు. బందరులో మా అన్నయ్యకి చెబితే జమీందారువయ్యావే అన్నాడు. ఇక్కడ ఆరువందల ఎకరాలవాణ్ణి చిన్న రైతు అంటారు. మాకు అన్నిటికంటే దగ్గరున్న తెలుగు కుటుంబం ఐదు గంటల ప్రయాణం. నేను డ్యూటీకి వెళుతూ కార్లో తెలుగు కీర్తనలు పాడుకునేదాన్ని, శ్రుతి తప్పినా చెప్పేవాళ్ళు లేరు.

ఇక ఈ శాసనసభ సంగతి. అంతకు రెండేళ్ళ కిందట మా ప్రాంతపు సభ్యుడు గుండెపోటుతో పోయాడు. మిగిలిన కాలానికి ఎవరినో ఒకరిని కూర్చోబెట్టాలి. కౌంటీ పెద్దలు వెతికి వెతికి, ఎవరితోనూ సరిహద్దు తగాదా లేని మనిషి ఈయనొక్కరేనని తేల్చారు. ఇక్కడి సభ రెండేళ్ళకోసారి తొంభై రోజులు జరుగుతుంది. ఈయన రాష్ట్ర రాజధాని హెలీనా వెళ్ళి తొంభై రోజులూ ఒక్క పూట మానకుండా కూర్చుని వచ్చారు. చిన్న ఊళ్ళ ఆసుపత్రులు మూసేసి క్లినిక్కులుగా మార్చే బిల్లు ఒకటి వస్తే దానికి వ్యతిరేకంగా ఓటేశారు. బిల్లు ఓడిపోయింది. మళ్ళీ వస్తుందని అందరికీ తెలుసు. ఆ ఏడు నవంబరులో మొదటిసారిగా ఆయన జనాన్ని ఓటు అడగాల్సి వచ్చింది.

కోతలు ముగిసిన మర్నాడు, పొద్దున కాఫీ తాగుతూ, నిలబడతానని చెప్పారు. నేను కప్పు కింద పెట్టాను. అప్పటికి లూసీ, అంటే మా అమ్మాయి, దేశానికి తూర్పు కొసన పిస్కాటవేలో ఇల్లు కొని నాలుగేళ్ళయింది. దానికి మూడేళ్ళ కూతురు, మా అమ్మ పేరే పెట్టుకున్నారు, పర్సిస్ అని. వాళ్ళింటికి పావుగంట దూరంలో తెలుగు చర్చి ఉంది. అక్కడ ఆదివారం ఆరాధన తర్వాత పులిహోరా కోడికూరా పెడతారని మా అల్లుడు కెన్నీ ఫోటోలు పంపిస్తాడు. ఈసారి కోతలయ్యాక అమ్మేసి వెళ్ళిపోదామని ఆయన నాకు మూడు కోతల నుంచి చెబుతున్నారు.

నా మొహం చూసి ఆయనే అన్నారు: "ఈ ఒక్కసారీ నిలబడనీ జోసీ. ఓడిపోతే నువ్వు చెప్పినట్టే. భూమి అమ్మేసి లూసీ దగ్గరికి వెళ్ళిపోదాం."

గెలిస్తే ఏమిటని నేను అడగలేదు. అడగాల్సింది. అడిగితే ఆయన ఏదో ఒకటి చెప్పేవారు, నేను పోట్లాడేదాన్ని, ఇద్దరికీ ఒక దారి కనిపించేది. నేను సరేనన్నాను. ఆ క్షణం నుంచి నా కాళ్ళు రెండు పడవల మీద ఉన్నాయి.

పైగా ఆయన ప్రచారం నడిపింది నేనే. ఆయనకి రోడ్డు మీద దారి తెలియదు. సముద్రం మీద దిక్కు తప్పని మనిషి రెండు మలుపులు తిరిగితే తూర్పేదో పడమరేదో నన్ను అడుగుతారు. సెలవు రోజుల్లో నేను డ్రైవ్ చేసేదాన్ని, ఆయన పక్కన కూర్చుని ఇళ్ళ పట్టీ చూసేవారు. మా నియోజకవర్గం మన వైపు రెండు జిల్లాలంత ఉంటుంది. ఇంటికీ ఇంటికీ మధ్య ఆరు మైళ్ళు, ఎనిమిది మైళ్ళు. వెళ్ళిన ప్రతి ఇల్లూ ఓడలో రాసినట్టే పుస్తకంలో రాయించేవారు. ఉదయం పది నలభై, వాయవ్యపు గాలి, కుక్కలు రెండు, ఓటు అనుమానం. నేను నవ్వు ఆపుకుంటూ రాసేదాన్ని.

ఒక ఇంటి దగ్గర రైతు ట్రక్కు కింద దూరి ఏదో బిగిస్తున్నాడు. ఈయన వంగి పలకరిస్తే, పనుందనీ తనకి రాజకీయాలు పడవనీ కింద నుంచే చెప్పాడు. ఈయన వెళ్ళలేదు. గడ్డి మీద గొంతుక్కూర్చుని, మీ గోధుమ ఎటు పోతుందో తెలుసా అని మొదలుపెట్టారు. రైలెక్కి రేవుకి పోతుందని అతను అన్నాడు. రేవు తర్వాతో అని ఈయన అడిగారు. పసిఫిక్‌లో పదహారు రోజులు ఆ గోధుమని తడవకుండా ఎలా కాపాడతారో, జపానులో ఒక రేవు పక్కన ముసలాయన ఆ పిండితోనే నూడుల్స్ చేస్తూ తనకి ఎలా పెట్టాడో ఈయన చెప్పుకుపోయారు. పది నిమిషాలకి రైతు ట్రక్కు కింద నుంచి బయటికి వచ్చాడు. ఇంకో పది నిమిషాలకి లోపలికి పిలిచి కాఫీ ఇచ్చాడు. వెళ్ళేటప్పుడు తన తాత, తండ్రి, తను, తొంభై ఏళ్ళుగా పండిస్తున్నారనీ, ఎవరు తింటున్నారో ఇవాళే తెలిసిందనీ అన్నాడు. పుస్తకంలో ఓటు ఖాయం అని రాశాను. రాస్తుంటే గర్వంగా అనిపించింది, ఆ వెంటనే పిస్కాటవే గుర్తొచ్చింది. ఈయన ఇలాగే ఇల్లిల్లూ తిరిగితే గెలుస్తారు. అందులో నాకు సందేహం లేదు.

సెప్టెంబరు ఆఖరి మంగళవారం మాజీ సైనికుల హాల్లో సభ పెట్టారు. అరవైమంది దాకా వచ్చారు, మా ఊరికి అది తిరునాళ్ళ కిందే లెక్క. అవతలి అభ్యర్థి పడమటి వైపు నుంచి వచ్చిన కుర్ర లాయరు, చక్కగా మాట్లాడాడు. ఈయనా బాగానే మాట్లాడారు. నేను వెనక వరసలో ఉన్నాను. ప్రశ్నల వేళకి ఇంగ్రిడ్ లేచింది. ఆమె మా పొరుగు రైతు ఓర్విల్‌కి అక్క, ఎనభై ఒకటి దాటిన మనిషి. తుంటి విరిగితే మా ఆసుపత్రిలోనే మూడు వారాలుంది, నేనే చూసుకున్నాను. కర్ర మీద ఆనుకుని గట్టిగా అడిగింది.

"కెప్టెన్, ఆ బిల్లు మళ్ళీ వస్తుందంటున్నారు. మా ఆసుపత్రి మూసెయ్యడానికి నువ్వు ఓటెయ్యవు కదా?"

"ఎస్," అన్నారు ఆయన. ఓడ అవతలి కొసకి వినిపించేలా అన్నారు. దానికి తోడు మన పద్ధతిలో తల పక్కకి ఒకసారి ఊపారు.

హాలంతా నిశ్శబ్దమైపోయింది. ఆయన నిశ్చింతగా నీళ్ళు తాగారు.

నాకు వెంటనే అర్థమైంది. నువ్వు వెయ్యవు కదా అంటే, వెయ్యనివాడు మన భాషలో అవును అంటాడు. నువ్వన్నది నిజమే, వెయ్యను అని. ఇంగ్లీషులో ఆ వెయ్యనివాడు నో అనాలి. ఎస్ అన్నాడంటే వేస్తానని. నేను ఆసుపత్రిలో చేరిన మొదటి నెలలోనే ఈ గోతిలో పడ్డాను. నొప్పి లేదు కదా అని నేనడిగితే రోగి నో అన్నాడు. నొప్పి ఉందని రాసుకుని, నిక్షేపంలాంటి మనిషిని డాక్టరు చేత పొట్టంతా నొక్కించాను. ఆ తర్వాత అలాంటి ప్రశ్నకి నేను ఎప్పుడూ రెండుసార్లు ఆలోచిస్తాను. ఆయనకి ఆ అలవాటు రాలేదు. ఓడ మీద కాదు కదా, లేదు కదా అనే ప్రశ్నలే ఉండవట. పది డిగ్రీలు ఎడమకి అంటే అవతలివాడు పది డిగ్రీలు ఎడమకి అని తిరిగి చెప్పడమే.

నేను కుర్చీలోంచి లేచాను. పూర్తిగా కాదు, సగం. మా భాషలో అలా అంటామండీ, ఆయన వెయ్యనంటున్నారు అని ఒక్క మాట చెబితే అయిపోయేది. అందరూ నవ్వేవాళ్ళు, ఆయన అందరికంటే గట్టిగా నవ్వేవారు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతకు ముందు ఆదివారం పర్సిస్ ఫోన్‌లోంచి, అమ్మమ్మా, కమ్, అని చెయ్యి చాచిన సంగతి ఎందుకో అప్పుడే గుర్తొచ్చింది. కూర్చున్నాను. పక్కనున్నావిడ బ్యాగేదైనా పడిందా అని అడిగింది. అవునని చెప్పాను. ఈలోగా ఇంకెవరో రోడ్ల గురించి అడిగారు.

ఇంటికి వస్తుంటే బాగానే జరిగింది కదా అన్నారు. ఊఁ అన్నాను. హాలు నుంచి మా ఇల్లు పన్నెండు మైళ్ళు. ఆ పన్నెండు మైళ్ళలో ఎప్పుడైనా చెప్పొచ్చు. రేపు చెబుదాంలే అనుకున్నాను, రేపు డ్యూటీ ఉంది, ఎల్లుండి అనుకున్నాను.

గురువారం మా వారపత్రికలో ప్రశ్న, దాని కింద జవాబు, ఉన్నదున్నట్టు అచ్చేశారు. కెప్టెన్: ఎస్. ఆసుపత్రిలో కాఫీ గదిలో ఆ కాగితం బల్ల మీద పడి ఉంది. నేను లోపలికి వెళ్ళగానే మాటలు ఆగినట్టు అనిపించింది. కిరాణాకొట్లో అమ్మాయి చిల్లర ఇస్తూ నా కళ్ళలోకి చూడలేదనిపించింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు తలొంచుకున్నా నన్నే అనుకునేదాన్ని.

ఆదివారం లూసీ ఫోన్ చేసింది. ఆయన స్పీకర్ పెట్టారు.

"డాడీ, ఆ మీటింగ్ వీడియో చూశాను. హాస్పిటల్ క్లోజ్ చేస్తా అని చెప్పావేంటి?"

"క్లోజ్ చెయ్యనని చెప్పాను కదమ్మా."

"నో డాడీ. నువ్వు ఎస్ అన్నావు. ఇక్కడ ఎస్ అంటే చేస్తా అని. నువ్వు నో అనాలి. రేడియోకి వెళ్ళి కరెక్ట్ చెయ్యి, ఫైవ్ మినిట్స్ పని."

ఆయనకి అది ఎక్కడానికి చాలాసేపు పట్టింది. లూసీ మూడు రకాలుగా చెప్పింది. చివరికి ఆయన ఆ ప్రశ్న, ఆ జవాబు తనలో తను ఒకసారి అనుకుని, సరేనమ్మా అని ఫోన్ పెట్టేశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"నువ్వూ గమనించలేదు కదా?"

"అవును," అన్నాను.

ఆ అవును ఏ పద్ధతిలో అన్నానో నాకే తెలియదు. తెలుగు పద్ధతిలో అయితే అది అబద్ధం. ఇంగ్లీషు పద్ధతిలో అయితే నేరం ఒప్పుకోవడం. ఆయన ఏదనుకున్నారో మొహంలో కనిపించలేదు. షెడ్డులో పనుందని వెళ్ళిపోయారు.

రేడియోకి వెళతారనుకున్నాను. వెళ్ళలేదు. మర్నాడు లూసీ మళ్ళీ ఫోన్ చేస్తే చూద్దాంలే అన్నారు. పుస్తకంలో పడమటి వైపు ఇళ్ళు ఇంకా నూటికి పైగా మిగిలున్నాయి. శనివారం నాకు సెలవు, బయల్దేరదామా అంటే గాలి ఎక్కువగా ఉందన్నారు. పసిఫిక్ తుపానుల్లో ఓడ నడిపిన మనిషికి మోంటానా గాలి ఎక్కువైందా? ఆ మాటే అడిగాను. నవ్వి, విత్తనాల మిషనుకి నూనె పెట్టాలన్నారు. మరుసటి వారం షెడ్డుకి రంగు వేశారు. ఆ తర్వాతి వారం కంచె బాగుచేశారు.

అక్టోబరంతా నాకు అయోమయంలోనే గడిచింది. ఆయనకి అవమానమయ్యిందా? రంగు చూసి జనం తనని నమ్మరని ఇన్నేళ్ళకి అనిపించిందా? వయసా? కోపం వచ్చిందనుకుంటే నాకు కాస్త ఊపిరి ఆడేది. కోపం లేదు. పైగా అంట్లు తోమడం మొదలుపెట్టారు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి అన్నం వండి, చారు కాచి ఉంచేవారు. పెళ్ళయిన ముప్పై ఒక్క ఏళ్ళలో అంత మెత్తగా ఎప్పుడూ లేరు. అది చూసి నాకు భయమేసింది. పిస్కాటవేలో చర్చికి నడిచి వెళ్ళొచ్చా, కారు కావాలా అని ఒకరోజు మామూలుగా అడిగారు.

నేనే ఉండబట్టలేక, పేపరుకి ఉత్తరం రాద్దాం, మీరు చెప్పండి నేను టైప్ చేస్తానన్నాను. చేసిన తప్పు ఎవరికీ తెలియకుండా దిద్దేసుకుందామని నా ఆశ. "వద్దులే జోసీ," అన్నారు. బతిమాలాను కూడా. ఆయన్ని గెలిపించడానికి బతిమాలుతున్నానా, నా మనసు కడుక్కోవడానికా, అది కూడా తేలలేదు. కక్కలేక మింగలేక అంటారే, ఆ నెలంతా అదే నా తిండి.

ఎన్నికల రోజు నేను ఆయనకే ఓటేశాను. పెన్నుతో ఆ గుండ్రటి గడి కాగితం చిరిగేంత గట్టిగా నింపాను. మర్నాడు పొద్దున కౌంటీ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఎనభై మూడు ఓట్లతో ఓడిపోయారు. ఆయన కుర్ర లాయరుకి ఫోన్ చేసి అభినందించారు, కమిటీల్లో ఎవరిని నమ్మొచ్చో ఎవరిని నమ్మకూడదో పావుగంట చెప్పారు. శుక్రవారం భూములు అమ్మిపెట్టే ఏజెంటుకి ఫోన్ చేసి సోమవారం రమ్మన్నారు. అన్న మాట మీద నిలబడ్డారు. నాకు కావలసింది నా చేతికి వచ్చింది. సంతోషం వస్తుందని ఎదురుచూస్తూ రెండు రోజులు గడిపాను.

శనివారం ఓర్విల్ వచ్చాడు, ఇంగ్రిడ్ ఆపిల్ పై చేసి పంపిందని. వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. ఆయన షెడ్డులో ఉన్నారు. కప్పు ఖాళీ అయ్యేదాకా ఇద్దరం వాతావరణం మాట్లాడుకున్నాం. ఇక నావల్ల కాలేదు. అంతా ఆ ఎస్ వల్లే, ఆయన మూసెయ్యననే చెప్పారు, మా భాషలో అలాగే చెబుతారు అని గబగబా అన్నాను. ఐదు వారాలు ఆలస్యంగా, ఒక్క మనిషి ముందు.

ఓర్విల్‌కి మొదట నేను దేని గురించి అంటున్నానో అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాడు.

"అదా? అది మా అందరికీ తెలుసు జోసఫిన్. ఇవాళ నీకు ట్రాక్టర్ అక్కర్లేదు కదా అని నేనడుగుతాను, ఎస్ అంటాడు, నేను ట్రాక్టర్ తీసుకుని వెళ్ళిపోతాను. పద్నాలుగేళ్ళుగా అంతే. ఇంగ్రిడ్ ఇంటికి వెళ్ళేదాకా నవ్వుతూనే ఉంది."

మరి హాల్లో ఆ నిశ్శబ్దం ఏమిటని అడిగాను. నవ్వు ఆపుకున్నామన్నాడు, పెద్దమనిషి మాట్లాడుతుంటే మొహం మీద నవ్వితే బాగుండదని. మరి ఎలా ఓడిపోయారు అన్నాను.

"అక్టోబరులో ఎవరికీ కనిపించలేదు కదా. ఆ కుర్రాడు పడమటి వైపు ప్రతి ఇంటికీ రెండేసిసార్లు వెళ్ళాడు. కెప్టెన్ ఎందుకు ఆగిపోయాడు? ఒంట్లో బాగాలేదేమో, అడిగితే నొచ్చుకుంటాడేమోనని మేమెవరం అడగలేదు."

ఓర్విల్ వెళ్ళాక ఆపిల్ పై పళ్ళెం మీద మూత పెట్టి, కోటు వేసుకుని షెడ్డుకి వెళ్ళాను. ఆయన విత్తనాల మిషను పక్కన బకెట్టు బోర్లించి కూర్చుని, కొనేవాడికి శుభ్రంగా అప్పగించాలని గొట్టాలు ఒక్కొక్కటీ విప్పి తుడుస్తున్నారు. నేను నిలబడే చెప్పాను.

"ఆ రోజు హాల్లో నాకు తెలుసండీ. మీరు ఎస్ అనగానే తెలిసింది. లేచి చెప్పలేదు."

ఆయన తుడవడం ఆపలేదు. "తెలుసు," అన్నారు.

"ఎలా తెలుసు?"

"నువ్వు సగం లేచి కూర్చోవడం చూశాను. అప్పుడు బ్యాగు కోసమేమో అనుకున్నాను. లూసీ చెప్పాక అర్థమైంది."

నాకు కోపం వచ్చింది. తప్పు చేసిన నాకే కోపం వచ్చింది. తెలిసి నన్ను ఎందుకు అడగలేదు, ఎందుకు తిట్టలేదు, ఇల్లిల్లూ తిరగడం ఎందుకు మానేశారు, జనం ఆ ఎస్‌ని పట్టించుకోనే లేదట, మీరు కనిపించకపోవడం వల్లే పోయిందట అని ఓర్విల్ చెప్పిందంతా వెళ్ళగక్కాను. ఆయన గుడ్డ మోకాలి మీద పెట్టుకుని, అంతా విన్నారు.

"పదిహేడేళ్ళు నేను ఓడెక్కడానికి వెళుతుంటే బందరు స్టేషన్‌కి వచ్చి పంపించేదానివి. లూసీ పుట్టిన పదకొండో రోజున కూడా పంపించావు. వెళ్ళొద్దని ఒక్కసారి అనలేదు. ఇన్నేళ్ళలో నువ్వు నన్ను ఆపింది ఆ ఒక్క రోజే జోసీ. ఆగకుండా ఎలా వెళ్ళమంటావు?"

అంతే అన్నారు. మళ్ళీ గుడ్డ తీసుకున్నారు.

నేను అక్కడే ఇంకో బకెట్టు మీద కూర్చుని ఏడ్చాను. అయితే అమ్మొద్దు, ఇక్కడే ఉండిపోదాం అనడానికి అది సమయం. ఏ భార్య అయినా ఆ మాట అంటుంది. నేను అనలేదు. ఎందుకంటే అప్పటికి కూడా నాకు వెళ్ళాలనే ఉంది. ఆయన మీద ప్రేమ ఉంది, చేసిన పనికి సిగ్గుంది, వెళ్ళాలనీ ఉంది. మూడూ ఒక్క మనిషిలో ఎలా ఇముడుతాయో అడగకండి. చలికి నేను చేతులు రుద్దుకుంటుంటే ఆయన తన గ్లవ్స్ తీసి ఇచ్చారు. సోమవారం ఏజెంటు వచ్చాడు.

మార్చిలో పిస్కాటవే వచ్చేశాం. భూమి ఓర్విలే కొన్నాడు. ఇక్కడికి వచ్చిన మొదటి ఆదివారం పర్సిస్ నా ఒళ్ళో కూర్చుంది. చుట్టూ రెండువందలమంది తెలుగువాళ్ళు, పద్నాలుగేళ్ళ తర్వాత నలుగురితో కలిసి కీర్తన పాడాను. నేను కోరుకున్నది సరిగ్గా ఇదే, ఒక్క పిసరు కూడా తక్కువ కాలేదు.

ఆరాధన చివర పాస్టరుగారు మమ్మల్ని సంఘానికి పరిచయం చేశారు. ఓడ కెప్టెనుగా ప్రపంచమంతా తిరిగారనీ, మోంటానాలో వ్యవసాయం చేశారనీ, అక్కడి శాసనసభలో కూర్చున్నారనీ చెబుతుంటే అందరూ తలలు తిప్పి చూశారు. వచ్చి సాక్ష్యం చెప్పమన్నారు. ఆయన ముందుకు వెళ్ళి మైకు పట్టుకున్నారు. ట్రక్కు కింద పడుకున్న మనిషికి పసిఫిక్ అంతా చూపించిన మనిషి. ఇక్కడ ప్రతి మాటా ఆయన భాషలోనే, పొరపాటు పడేవాళ్ళు ఒక్కరు లేరు. అందరూ ఎదురుచూస్తున్నారు.

నోరు తెరిచే ముందు ఆయన మా వరస వెతికి, నా వైపు చూశారు. నేను నవ్వాను, మాట్లాడండి అన్నట్టు తలూపాను. తర్వాత అందరికీ వందనాలు అని చెప్పి, మైకు పాస్టరుగారి చేతికిచ్చి వచ్చి కూర్చున్నారు.

ఈసారి నేను ఆపలేదు. ఆయనే ఆగిపోయారు.